హాన్నే ఠాణా ముందు ఆగిన పాడె

మారే కనుమ మీద బస్సు ఆగిపోతే డ్రైవరుకీ కోపం రాదు, ప్రయాణికులకీ రాదు. ఆ ఎక్కుడులో ఇంజను వేడెక్కడం మామూలే. డ్రైవరు బకెట్టు పట్టుకుని వాగులోకి దిగుతాడు. మిగతావాళ్లు గట్టు మీద చతికిలబడి సిగరెట్లు వెలిగిస్తారు, ముసలమ్మలు ఉడికించిన చిలగడదుంపలు విప్పుతారు. ఆ వసంతంలో బాంగ్ దాల్సూ వీపుకు కట్టుకున్న కర్రచట్రం నిండా కొండకూర వేసుకుని సంతకు దిగుతూ, అలా ఆగిన ఒక బస్సు పక్కనుంచి పోతున్నాడు. జడలో తెల్లగుడ్డ పువ్వు గుచ్చుకున్న ఒకామె లేచి ఎదురొచ్చింది. ఆ పువ్వు చూస్తేనే ఇంట్లో శవం ఉందని తెలుస్తుంది.

"పెద్దాయనా, అవతలి లోయలో మేంగ్ అని పాడె ముందు పాడే ఆయన ఉంటాడట. ఇల్లెక్కడో తెలుసా?"

"ఇల్లు తెలుసు. ఆయనే లేడు. మొన్న చలికాలంలో పోయాడు."

"అయ్యో. ఆయన పాడె ముందు ఎవరు పాడారు మరి?"

"పాడెక్కడిదమ్మా. పట్నం నుంచి నల్లకారు వచ్చింది. డ్రైవరు దారి పొడుగునా రేడియోలో బంతాట వింటూ తీసుకెళ్లాడు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వినందుకు సిగ్గుపడి తల వంచుకుంది. దాల్సూ కదలబోయి, కదల్లేక అడిగాడు. "ఏ ఊరమ్మాయ్?"

"హాన్నే."

అతను భుజం మీద పట్టీ సర్దుకున్నాడు. పట్టీ సరిగ్గానే ఉంది.

"పోయిందెవరు?"

"మా అమ్మ. థాక్ సంగ్జే భార్య."

ఆ పేరు విని గట్టు మీదివాళ్లు ఇద్దరు ముగ్గురు సిగరెట్లు నోట్లోంచి తీశారు. ఒక ముసలాయన ఆమె వంక చూసి, వెంటనే చూపు వాగువైపు తిప్పుకున్నాడు. ఆ కొండల్లో ఆ పేరు వినగానే అలా చూపు తిప్పుకోవడం జనానికి అలవాటయి పన్నెండు పదమూడేళ్లయింది.

"మీ ఊళ్లోనే ఒకాయన ఉండేవాడుగా, చేగంట పట్టేవాడు," అన్నాడు దాల్సూ.

"బాంగ్ దాల్సూ. చచ్చిపోయాడని కొందరంటారు. గుళ్లో చేరాడని కొందరు. బతికుంటే ఆయన్నే పట్టుకురమ్మంది అమ్మ. ఎక్కడని వెతకను? అందుకే ఈ మేంగ్ కోసం బయల్దేరా."

"ఆయన్నెందుకు? నాలుగు తిట్టి పోదామనా?"

ఆమె అతని ముఖం కాసేపు చూసింది. ముఖాన్ని ఆమె పోల్చుకోలేదు. అప్పుడామె ఇంకా బడికి పోయే పిల్ల. కానీ ఆ గొంతును ఆమె ఒకసారి తండ్రి పాడె వెనకాల నడుస్తూ పొద్దంతా వింది.

"తిట్టడానికి కాదు బాబాయ్," అంది యోన్సిల్ నెమ్మదిగా. "ఠాణా ముందు ఆపమంది. అప్పుడు ఆపినవాడే ఇప్పుడూ ఆపాలట. ఏం చెప్పారో ఏం చేశారో అడగమంది. జవాబు రాకపోయినా పర్వాలేదు, అడిగాకే నన్ను కొండెక్కించండి అంది."

దాల్సూ కొండకూర మోపు దించి, చిలగడదుంపలు తింటున్న ముసలమ్మల పక్కన పెట్టేశాడు. "పంచుకోండమ్మా, లేతగా ఉంది," అన్నాడు. ఖాళీ చట్రం వీపున వేసుకుని ఆమె కన్నా ముందు కిందికి నడిచాడు.

పాడె ముందు నడిచేవాడి సంగతి కొంచెం చెప్పాలి. కొండదారుల్లో పాడె మోసేవాళ్లకు ముందున్నవాడి వీపు తప్ప ఇంకేం కనబడదు. గుంట ఉందో, ఒంటిదూలం వంతెన వచ్చిందో, మలుపు ఎటో వాళ్లకు చెప్పేది చేగంటే. గంట మోగితే అడుగు, ఆగితే ఆగు. ముందువాడు ఒక వరుస ఎత్తుకుంటాడు, మోసేవాళ్లంతా ఒక్క గొంతుతో బదులు పలుకుతారు. ఆ బదులు మధ్యలోనే కాలు పడుతుంది. కళ్లతో చూడకుండా చెవితో నడవాలి, అంతే. దీనికి తోడు ఒక ఆచారం ఉంది. చచ్చినవాడికి మనసు చిక్కుకున్న చోట, వాడు కట్టిన ఇంటి ముందో, చిన్ననాటి స్నేహితుడి గుమ్మం ముందో, పాడె ఆగిపోతుంది. వీడు కదలనంటున్నాడు అంటాడు గంట పట్టినవాడు. బంధువులొచ్చి దండం పెట్టి, బతిమాలి, కల్లు పోసి, పాడె తాడుకు నోటో రెండు నోట్లో గుచ్చితే గంట మళ్లీ మోగుతుంది. ఏడ్చే ఇంట్లో కూడా అప్పుడు కాస్త నవ్వులు పూసేవి. పిసినారి అల్లుళ్ల చేత కల్లు కక్కించడంలో దాల్సూకి ఆ జిల్లాలో సాటిలేదని పేరు.

థాక్ సంగ్జేని చంపింది ఓట్లకు ముందు, సంతరోజు, పట్టపగలు. మిలటరీ దొరల ఏలుబడిని ఎదిరించి పోటీకి నిలబడ్డ మనిషి ఆయన. సంతలో బల్ల మీద కూర్చుని సేమ్యా గిన్నె ఎత్తి రసం తాగుతుండగా ఎవడో దగ్గరకొచ్చి రెండుసార్లు కాల్చాడు. గిన్నె పగల్లేదు. సేమ్యా అమ్మే ముసలిది చాలాకాలం ఆ గిన్నె కడగలేదు, వాడలేదు, పారెయ్యనూ లేదు. కాల్చినవాడు పారిపోలేదు. పోలీసులు వచ్చేదాకా అక్కడే నిలబడి ఉన్నాడని చూసినవాళ్లందరూ చెప్పారు. సాయంత్రానికల్లా రేడియో చెప్పింది, వాడు పిచ్చివాడని.

శవయాత్రలో దాల్సూ పాడెను ఠాణా గేటు ముందు ఆపాడు. అది ఎవరూ చెప్పి చేయించింది కాదు. చచ్చినవాడి మనసు చిక్కుకున్న చోటు అది కాక ఇంకేది ఉంటుంది? మోసేవాళ్లు ఉన్నచోటే అడుగులేస్తూ బదులు పలుకుతున్నారు, వెనక కొండమలుపు దాకా జనం. చాలాసేపటికి ఠాణా పెద్ద బయటకొచ్చాడు. టోపీ తీశాడు. పాడెకు దండం పెట్టాడు. తర్వాత జనానికి వినబడేలా అన్నాడు, "ప్రభుత్వం తరఫున మాటిస్తున్నా. పంటపండక్కి కొత్తబియ్యం ఈయన సమాధి మీద పెట్టేలోగా, వాణ్ని పంపిందెవరో ఆ పేరు ఈ గేటు మీద రాయిస్తా."

దాల్సూ గంట మోగించాడు. పాడె కదిలింది. జనం చప్పట్లు కొట్టారు కూడా. చావు ముందు చప్పట్లు కొట్టకూడదు, ఆ రోజు కొట్టారు.

పండగొచ్చింది, గేటు మీద పేరు రాలేదు. పిచ్చివాడికి ఉరి వేశామన్నారు. తర్వాత రెండేళ్లకు, దుంగలు తోలే హాన్నే లారీవాడొకడు పూసాన్ రేవు దగ్గర టైర్ల కొట్లో వాణ్ని చూశానన్నాడు. "బాగా ఒళ్లు చేశాడు. నా చక్రాలకి గాలి కూడా వాడే పట్టాడు," అన్నాడు. అది వాడు కాదని ఠాణా నుంచి ప్రకటన వచ్చింది. ఆ ప్రకటన వినే జనం నమ్మారు, అది వాడేనని.

రాజులు హత్యకు గురైతే రాజ్యాలు ఎలా కూలాయో లావుపాటి చరిత్ర పుస్తకాల్లో ఎన్నో పుటలుంటాయి. పుస్తకాల వాళ్లు ఊరి బావి దగ్గరకు రారు కాబట్టి అక్కడ ఏమైందో రాయరు. హాన్నేలో ఏ రాజ్యమూ కూలలేదు. ఠాణా మీద జెండా రోజూ ఎగిరింది. ఐతే ఠాణావాళ్లు మధ్యాహ్నం సైరను మోగిస్తే, నిజంగా పన్నెండయిందా అని జనం తలెత్తి సూర్యుణ్ని చూడటం మొదలుపెట్టారు. వాన రాదని రేడియో చెబితే ఎండుమిరపకాయలు లోపల పెట్టేవాళ్లు. బళ్లో సూదులు వేస్తారని తెలిస్తే ఆ రోజు పిల్లలకు కడుపునొప్పి వచ్చేది. జనాభా లెక్కలకొచ్చినవాడికి ఒక ముసలాయన, ఎదురుగా భార్య కూర్చుని బీన్సు ఒలుస్తుండగానే, నేనొక్కణ్నే ఉంటున్నానని చెప్పాడు. ఇవన్నీ చెప్పుకుని జనం నవ్వుకునేవాళ్లు. అబద్ధాలకోరును ఊరంతా కలిసి ఆటపట్టిస్తున్నట్టుండేది.

దాల్సూని మొదట్లో ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత కల్లు పాకలో ఎవడో అన్నాడు, "మామా, నీ గంట కొంచెం ఆలస్యంగా మోగిస్తే ఏం పోయేది?" వాడు నవ్వుతూనే అన్నాడు. దాల్సూ కూడా నవ్వాడు. ఇంటికొచ్చి భార్య ఓక్బున్‌కి చెప్పాడు.

"అందరూ నమ్మారు కదయ్యా," అంది ఆవిడ. "నేను నమ్మలా? నేనూ చప్పట్లు కొట్టా."

"మీ చేతుల్లో గంట లేదుగా."

"లేకపోతే? ఉన్నా అప్పుడే మోగించేదాన్ని. అన్నం తిను."

ఆ తర్వాతి ఏడు వానాకాలంలో, ఎగువ ఆనకట్ట గేట్లు తీస్తున్నారు, పల్లపు ఇళ్లవాళ్లు కొండెక్కండి అని ఊరాఫీసు మైకులో పొద్దున్నుంచి అరిచారు. వాన అప్పటికే వెలిసింది. ఆకాశం తేటగా ఉంది. ఇళ్లు ఖాళీ చేయించి సోదా చేస్తారని ఒకరు, కొత్త రోడ్డుకు భూములు గుంజుకుంటారని ఒకరు. దాల్సూ ఎద్దును తోలుకుని పైకి పోదామన్నాడు.

"ఆ నోటితోనే కదా పండక్కి పేరు రాయిస్తామన్నారు," అంది ఓక్బున్. "ఎద్దుని నువ్వు తోలుకుపో. నా జాడీలు వదిలి నేను రాను. వెనకటి ఏటి సోయాముద్ద ఇప్పుడిప్పుడే రుచికొస్తోంది."

ఆ ఒక్కసారి వాళ్లు నిజం చెప్పారు.

జాడీలు రెండు దిగువన ఇసుకలో దొరికాయి, మూతలు కూడా ఊడకుండా. ఓక్బున్ మూడు ఊళ్ల అవతల దొరికింది. పల్లంలో మొత్తం పదకొండు మంది. ఆ పాడెలన్నిటి ముందూ దాల్సూయే నడిచాడు. చివరిది భార్యది. అది ఎక్కడా ఆగలేదు. ఎవరిని ఏమని అడగాలి? గంటను ఊరవతల పాడె కొట్టంలో దూలానికి తగిలించి, అతను మారే కనుమ ఎక్కి వెళ్లిపోయాడు. పైలోయలో బొగ్గు కాల్చుకుంటూ, కొండకూర కోసుకుంటూ బతికాడు. ఆ లోయకు మైకు మాట చేరదు.

ఇప్పుడు పాడె కొట్టం తలుపు తీస్తే గబ్బిలాలు లేచాయి. గంట చిలుం పట్టి అక్కడే ఉంది. దాన్ని బూడిదతో తోముతున్న దాల్సూ చుట్టూ ఊరివాళ్లు కాస్త దూరం ఉంచి నిలబడ్డారు. మోతగాళ్లలో పెద్దవాడు గూ మాన్బోక్. వరదలో అతని తమ్ముడు పోయాడు.

"బతికే ఉన్నావన్నమాట మామా," అన్నాడు మాన్బోక్.

"ఉన్నాగా."

"గొంతుందా?"

"చూద్దాం. నీకు భుజముందా?"

"నాకు భుజముంది. నా వెనకాల వీడికే లేదు. పొద్దున్నే మూడు గిన్నెల పులుసు తాగాడు, పాడె అనగానే నడుం పట్టుకుంటున్నాడు." కుర్రాళ్లు నవ్వారు. మాన్బోక్ నవ్వకుండా అడిగాడు, "ఆపుతావా?"

"ఆపమందట. ఆపుతా."

"ఆపడం సరే. కదిలించేటప్పుడు మాత్రం మమ్మల్నొకసారి అడుగు."

మర్నాడు తెల్లవారుతూనే పాడె లేచింది. తెల్లకాగితం పూలు గాలికి రెపరెపలాడుతున్నాయి. పాట మొదటి వరుసలో దాల్సూ గొంతు బొంగురుపోయింది, రెండోదాంట్లో పగిలింది, మూడోదాంట్లో నిలబడింది. యోన్సిల్ చావుకు కట్టే నారబట్ట కట్టుకుని వెనక నడిచింది. అరుగుల మీద ముసలివాళ్లు లేచి నిలబడ్డారు. వాళ్లందరి కళ్లూ పాడె మీద కాక అతని చేతి మీద ఉన్నాయని దాల్సూకి తెలుస్తూనే ఉంది.

ఠాణాకు కొత్త గేటు పెట్టారు. గంట ఆగింది. పాడె ఆగింది. మోతగాళ్లు ఉన్నచోటే అడుగులేస్తూ బదులు పలికారు.

"కదలనంటోంది," అన్నాడు దాల్సూ. అది ఆచారంగా అనే మాటే. ఈసారి మాత్రం ఎవరూ నవ్వలేదు.

కిటికీలు ఒకటొకటిగా మూసుకున్నాయి. ఎండ ఎక్కింది. ఎవరో నీళ్ల బుంగ తెచ్చి మోతగాళ్ల నోళ్లలో పోశారు. చివరికి బయటకొచ్చిన మనిషికి ముప్పయ్యేళ్లుంటాయేమో. కొత్త ఠాణా పెద్ద, వేరే జిల్లావాడు. టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

దాల్సూ అడిగాడు. "ఇక్కడ ఈవిడ భర్త పాడె ఆగినప్పుడు ఒక పేరు రాయిస్తామన్నారు. ఆ పేరేదని అడుగుతోంది."

"నాకు తెలీదు పెద్దాయనా."

"కాగితాలుంటాయిగా లోపల?" అని అరిచాడు మాన్బోక్ పాడె కింద నుంచే.

"లేవు. ఎప్పుడో సియోల్ పట్టుకెళ్లారు. నేనొచ్చాక వెతికా. అల్మారాలో ఆ ఏటి అర ఖాళీ." ఆ కుర్ర అధికారి గొంతు తగ్గి వణికింది. "అప్పుడు నేను బళ్లో ఉన్నా. పిచ్చివాడు కాల్చాడు అని మా చేత నోటుపుస్తకంలో రాయించారు. రాశా. నేను నమ్మా కూడా."

"మళ్లీ విచారణ చేయిస్తానని చెప్పు," అంది జనంలోంచి ఒక ఆడగొంతు. "పైకి రాస్తానని చెప్పు," అన్నారు ఇంకొకరు. అందరూ అందుకున్నారు. "చెప్పవయ్యా. ఏదో ఒకటి చెప్పు."

అతను తల అడ్డంగా ఊపాడు. "నేను రాసినా పై నుంచి బదులు రాదు. రాదని నాకు తెలుసు. తెలిసీ చెప్తే అబద్ధమవుతుంది." టోపీ పక్కన పెట్టి, యూనిఫారంతోనే మట్టిరోడ్డు మీద మోకరిల్లి, నుదురు నేలకానించి పాడెకు రెండు దండాలు పెట్టాడు. లేచాక నుదుటి మీద ఎర్రమట్టి అలాగే ఉంది. తుడుచుకోలేదు.

జనం మెత్తబడలేదు. నిజం చెప్పాలంటే ఇంకా మండిపడ్డారు. పోయినసారి కనీసం మాటైనా ఇచ్చారు, ఇప్పుడు అదీ లేదా? పన్నెండేళ్లు ఎదురుచూసింది ఈ తెలీదు అనే మాట కోసమా? యోన్సిల్ దాల్సూ పక్కకొచ్చింది. "బాబాయ్, ఇంకాసేపు ఆగుదాం. ఒక్క మాట ఇవ్వమను. ఉత్తిదైనా సరే, ఇంటికి పట్టుకెళ్తా," అంది.

దాల్సూ ఆమెను చూశాడు. చప్పట్లు కొట్టిన రోజు ఓక్బున్ ముఖం ఎలా ఉందో, ఇన్నేళ్లు గుర్తు తెచ్చుకోబోతే రాలేదు. ఇప్పుడు వచ్చింది. సరిగ్గా ఇలాగే ఉంది, ఏదో ఒకటి చేతిలో పెడితే చాలన్నట్టు.

మాన్బోక్‌ని అడగలేదు. ఎవరినీ అడగలేదు. గంట మోగించాడు.

ఒక్క క్షణం బదులు రాలేదు. గంట మోగాక మోతగాళ్లు కదలకపోవడం ఆ లోయలో ఎవరూ చూసి ఉండరు. రెండోసారి మోగించాడు. అప్పుడు వెనక వరుసలో ఎవడో, నడుం పట్టుకున్న ఆ కుర్రాడే, తడబడుతూ బదులు పలికాడు. ఆ పైన మిగతావాళ్లు. పాడె కదిలింది.

కొండ మీద భర్త పక్కనే తవ్విన గోతిలో ఆవిణ్ని దించారు. మట్టి తొక్కేటప్పుడు కూడా దాల్సూయే పాడాడు. పని అయ్యాక ఎర్రటి పులుసు, కల్లు వడ్డించారు. అతను కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు. మాన్బోక్ గిన్నె పట్టుకొచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"పోయినసారి మాటిస్తే కదిలించావు. ఈసారి మాట కూడా ఇవ్వకుండానే కదిలించావు. నీకు ఠాణా అంటే ఏం ప్రేమ మామా?"

"అబద్ధం కోసం ఆవిణ్ని ఇంకెంతసేపు ఎండలో నిలబెడతావురా?"

"వాడు చెప్పింది నిజమని ఏంటి నమ్మకం?"

దాల్సూ గిన్నెలోకి చూశాడు. వరద రోజు పొద్దున మైకులో అరిచినవాడి గొంతు చాన్నాళ్లు అతని చెవిలో ఉండిపోయింది. ఆ గొంతు కూడా ఈ కుర్ర అధికారి గొంతులాగే వణికింది. అప్పుడది భయమని ఎవరికీ తోచలేదు.

"నమ్మకం లేదు," అన్నాడు. "తెలీదన్నాడు. అది విన్నా."

"అంతేనా?"

"అంతే."

మాన్బోక్ గిన్నెలో మిగిలిన కల్లు తమ్ముడి సమాధి ఉన్న వైపు పోసి వెళ్లిపోయాడు. దూరంగా ఆడవాళ్ల మధ్య యోన్సిల్ కూర్చుని ఉంది. ఇటు చూడటం లేదు. కోపమో, అలసటో, దాల్సూకి అర్థం కాలేదు. అర్థం చేసుకునే హక్కు తనకుందని కూడా అనిపించలేదు.

గంటను పాడె మీది కాగితం పూల కింద పెట్టాడు. ఖాళీ చట్రం వీపుకు తగిలించుకున్నాడు. పులుసు సగం మిగిలింది. సమాధుల వెనక నుంచి కాలిబాట పట్టి దిగితే, బాట మొదట్లో ఆ కుర్ర అధికారి పైకి రాకుండా నిలబడి ఉన్నాడు. నుదుటి మీద మట్టి ఎండి పొలుసులు లేస్తోంది. ఇద్దరూ ఒకరికొకరు దారిచ్చుకున్నారు.

కనుమ వైపు తిరిగాక వెనక నుంచి "బాబాయ్" అని పిలుపు వినబడింది. యోన్సిల్ గొంతే. ఇంకోసారి పిలిచింది. పులుసు తాగి పొమ్మంటుందో, ఎందుకు మోగించావని అడుగుతుందో. ఊళ్లో మధ్యాహ్నం సైరను కూసింది. దాల్సూ అలవాటు కొద్దీ తలెత్తి సూర్యుణ్ని చూశాడు. తర్వాత తల దించుకుని, వెనక్కి తిరక్కుండా ఎక్కుడు ఎక్కడం మొదలుపెట్టాడు.